తెలుగు పుస్తకం అచ్చు వేయించడం: కాగితం లెక్క నుంచి బైండింగ్ దాకా

రాతప్రతి పూర్తికాగానే చాలామంది నేరుగా డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కూర్చడం) చేయిస్తారు. ఎ4 సైజులో 14 పాయింట్ల అక్షరంతో కంపోజ్ చేయించి, ఆ ఫైలు పట్టుకుని ప్రెస్సుకు వెళ్లి ఎంతవుతుందని అడుగుతారు. అక్కడ సైజు మారుతుంది. సైజు మారితే పేజీలు మారతాయి, విషయసూచిక తప్పుతుంది, దిద్దిన ప్రూఫులు మళ్లీ దిద్దాల్సి వస్తుంది. అందుకే ముందు సైజు, కాగితం, బైండింగ్ తేల్చుకోవాలి. కంపోజింగ్ ఆ తర్వాతే.

ఇక్కడ ఒక్క పుస్తకాన్ని ఉదాహరణగా పెట్టుకుని లెక్క వేద్దాం. అది సుమారు 28,000 మాటల కథల సంపుటి. డెమీ 1/8 సైజు, 160 పేజీలు, లోపల ఒకే రంగు, 500 కాపీలు.

సైజు, ఫారాల లెక్క

తెలుగులో కథలు, నవలలు, కవిత్వం ఎక్కువగా వచ్చేది డెమీ 1/8 సైజులో. కట్ చేశాక పుస్తకం 5.5×8.5 అంగుళాలు ఉంటుంది. ఈ సైజు నిలబడటానికి కారణం కాగితమే. డబుల్ డెమీ షీటు 23×36 అంగుళాలు. దాన్ని అటు నాలుగు, ఇటు నాలుగు భాగాలు చేస్తే 5.75×9 అంగుళాల ఆకులు 16 వస్తాయి, అంటే 32 పేజీలు. చుట్టూ కటింగ్‌కు పోయే పావు, అర అంగుళం తప్ప వృథా ఉండదు. అదే 6×9 అంగుళాల పుస్తకం కావాలంటే ఈ షీటు సరిపోదు. పెద్ద షీటు కొని అంచులు కోసి పారేయాలి, ఆ పారేసిన కాగితానికీ డబ్బు మీరే కట్టాలి.

ప్రెస్సు భాషలో 16 పేజీలు ఒక ఫారం. డబుల్ డెమీని సగానికి కోసిన 18×23 షీటుకు ముందువైపు 8, వెనకవైపు 8 పేజీలు పడతాయి. ఆ షీటును మడిస్తే ఒక ఫారం. ఒకే రంగు అయితే ఫారానికి రెండు ప్లేట్లు (అచ్చు మిషన్‌కు ఎక్కించే రేకులు), వైపుకు ఒకటి. మన 160 పేజీల పుస్తకం సరిగ్గా 10 ఫారాలు, 20 ప్లేట్లు.

పుస్తకం 163 పేజీలు తేలితే? చివరి మూడు పేజీల కోసం ఇంకో ప్లేటు, విడిగా ప్రింటింగ్, విడిగా ఫోల్డింగ్ అవసరమవుతాయి. పైగా చివర ఒంటరిగా అతికించిన ఆకు అన్నిటికంటే ముందు ఊడిపోతుంది. అలాంటప్పుడు 160కి కుదించండి, లేదా 168కి పెంచండి. 8 పేజీల సగం ఫారాన్ని ఒకే ప్లేటుతో రెండువైపులా వేసి, షీటును మధ్యకు కోసుకోవచ్చు. అందువల్ల 168 పెద్ద భారం కాదు. 164 మాత్రం ఎవరికీ లాభం లేని అంకె.

ఇక కాగితం. కాపీకి 5 డబుల్ డెమీ షీట్లు, 500 కాపీలకు 2,500 షీట్లు. రీముకు 500 చొప్పున 5 రీములు. మిషన్ మీద ఇంకు, అమరిక కుదిరేదాకా పోయే షీట్లు, బైండింగ్‌లో పాడయ్యేవి కలిపి ఫారానికి 60 నుంచి 80 సగం షీట్లు అదనంగా పెట్టుకోవాలి. పది ఫారాలకు అది ముప్పావు రీము దాకా వస్తుంది. కాబట్టి 6 రీములు. 70 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) డబుల్ డెమీ రీము బరువు సుమారు 18.7 కిలోలు. కాగితం కిలోల్లోనే అమ్ముతారు కనుక ఆరు రీములకు 112 కిలోలు. ఈ లెక్క చేతిలో ఉంటే కొటేషన్‌లో కాగితం పద్దు ఎంత నిజమో ఐదు నిమిషాల్లో తెలుస్తుంది.

ఏ కాగితం

లోపలి పేజీలకు 70 జీఎస్ఎం నేచురల్ షేడ్ మ్యాప్‌లితో (పూత లేని మామూలు పుస్తకాల కాగితం) మంచి ఎంపిక. కొంచెం పసుపు ఛాయ ఉండటంతో కంటికి హాయిగా ఉంటుంది. 60 జీఎస్ఎం తీసుకుంటే రీముకు సుమారు 2.7 కిలోలు మిగులుతాయి గానీ వెనక పేజీ అక్షరాలు ఇటు కనిపిస్తాయి. తెలుగులో ఈ ఇబ్బంది ఎక్కువ. మన అక్షరాలకు పైన గుణింతాలు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య ఖాళీ తక్కువ. ఉన్న ఆ కాస్త ఖాళీలోంచి వెనక పేజీ తొంగిచూస్తే చదువు సాగదు. ఫోటోలు ఉంటే అన్నిటినీ 8 లేదా 16 పేజీల ఆర్ట్ పేపర్ (పూత పూసిన నున్నటి కాగితం) సెక్షన్‌గా ఒకచోట పెట్టండి. పుస్తకం మొత్తం ఆర్ట్ పేపర్ మీద వేస్తే బరువు పెరుగుతుంది, మెరుపుకు కళ్లు లాగుతాయి, జిగురూ సరిగా పట్టదు.

కాగితానికి పోగు దిశ (లోపలి నారలు పరుచుకున్న దిశ) ఉంటుంది. ఆ పోగు పుస్తకం వెన్నుకు సమాంతరంగా ఉండాలి. అడ్డంగా ఉంటే పేజీలు బిగుసుకుని పుస్తకం తెరుచుకోదు, వానాకాలం తేమకు వెన్ను దగ్గర అలలు లేస్తాయి. కోస్తా జిల్లాల్లో జూలై నుంచి నవంబరు దాకా బైండ్ చేసే పుస్తకాల్లో ఈ లోపం కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పరీక్ష తేలిక. కాగితాన్ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి చింపి చూడండి. ఎటు చింపితే చిరుగు సూటిగా సాగుతుందో అదే పోగు దిశ.

కంపోజింగ్: తెలుగుకు ప్రత్యేకమైన జాగ్రత్తలు

మన డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీదే చాలా పని జరుగుతోంది. అచ్చు వరకు ఫలితం బాగానే ఉంటుంది. అయితే అను ఫైలులో నిజంగా ఉన్నది తెలుగు కాదు. ఇంగ్లిష్ అక్షరాల కోడ్ల మీద తెలుగు ముక్కలు అతికించి చూపిస్తుందంతే. ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అర్థంలేని రోమన్ అక్షరాలు వస్తాయి. ఆ పీడీఎఫ్‌లో తెలుగు మాట వెతికినా దొరకదు. రేపు ఈ-బుక్ చేయాలన్నా మొత్తం మార్చుకోవాల్సిందే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు యూనికోడ్‌లోనే (ఏ కంప్యూటర్లోనైనా తెలుగును తెలుగుగానే గుర్తించే పద్ధతి) చేయించండి. మండలి, ఎన్టీఆర్, నోటో సెరిఫ్ తెలుగు వంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. రామభద్ర లాంటి లావు ఫాంటు శీర్షికలకు బాగుంటుంది గానీ లోపలి పాఠానికి పనికిరాదు.

ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ తెలుగు పెట్టగానే ఒత్తులు విడిపోయి, 'స్త్రీ' కాస్తా 'స్‌త్‌రీ'గా కనబడితే కంగారు పడక్కర్లేదు. పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో అడోబ్ వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకుంటే సరిపోతుంది. దాన్ని ఒక్క పేరాకు మార్చి వదిలేయొద్దు, పేరాగ్రాఫ్ స్టైల్‌లోనే పెట్టండి. లేకపోతే తర్వాత చేర్చిన ఫుట్‌నోటులోనో, పేజీ హెడ్డింగులోనో అదే తప్పు మళ్లీ వస్తుంది.

అక్షరం 12 పాయింట్లయితే వరుసకు 17 లేదా 18 పాయింట్లు ఇవ్వండి. ఇంగ్లిష్ అలవాటుతో 14.4 దగ్గర వదిలేస్తే పై వరుసలోని 'క్ష్మ', 'ష్ట్ర' ఒత్తులు కింది వరుసలోని 'కీ', 'త్తై' గుణింతాలకు తగులుతాయి. ఫాంటును బట్టి 12 పాయింట్ల అక్షరమే చిన్నగానో పెద్దగానో ఉంటుంది. కాబట్టి తెర మీద చూసి నిర్ణయించొద్దు. రెండు పేజీలు అసలు సైజులో ప్రింటు తీసి, ట్యూబులైటు కింద పెట్టి చదివి చూడండి.

మార్జిన్లు: వెన్ను వైపు 20 మిల్లీమీటర్లు, బయటి వైపు 15, పైనా కిందా 18. ఇలా పెడితే 17 పాయింట్ల వరుసలు 30 పడతాయి. పేజీకి 180 నుంచి 200 మాటలు వస్తాయి. 28,000 మాటలు సుమారు 150 పేజీల్లో సర్దుకుంటాయి. ముందుమాట, విషయసూచిక, ఇంప్రింట్ పేజీ (ప్రచురణ వివరాల పేజీ) కలిపితే 160. వెన్నుకు జిగురు పట్టించే పర్ఫెక్ట్ బైండింగ్ పుస్తకం పూర్తిగా తెరుచుకోదు కాబట్టి వెన్ను మార్జిన్ 20 కంటే తగ్గించొద్దు. తగ్గిస్తే లోపలి మాటలు చదవడానికి పాఠకుడు వెన్ను విరిచి పట్టుకుంటాడు, నెలకల్లా ఆకులు ఊడతాయి.

తెలుగు మాటలు పొడుగు. రెండువైపులా సమానంగా సర్దితే కొన్ని వరుసల్లో మాటల మధ్య గుంతలు పడతాయి. అవసరమైనచోట మాటను విరవాలి. విరుపు అక్షరం పూర్తయ్యాకే రావాలి. ఒత్తును గానీ పొల్లును గానీ కింది వరుసకు నెట్టకూడదు, ఒక్క అక్షరాన్ని ఒంటరిగా వదలకూడదు. సాఫ్ట్‌వేర్ దీన్ని పూర్తిగా చూసుకోలేదు. కళ్లతో చూసి చేయాల్సిన పని ఇది.

ప్రూఫుల్లో ఏం వెతకాలి

మూడు ప్రూఫులు తప్పనిసరి. మొదటిది పాఠం, రెండోది దిద్దుబాట్లు పడ్డాయా లేదా, మూడోది పేజీల అమరిక. మూడోసారి వాక్యాలు తిరగరాయొద్దు. ఒక పేరా పెరిగితే వెనక పేజీలన్నీ జరుగుతాయి, విషయసూచిక అంకెలు తప్పుతాయి.

చదివేటప్పుడు కంటికి అందని తప్పులు కొన్ని ఉంటాయి. వాటిని కంప్యూటర్లో వెతికించడం మేలు:

- సున్న బదులు అంకెల 0 కొట్టడం. 'పుస్తక0' అచ్చులో చూడటానికి దాదాపు సరిగ్గానే ఉంటుంది. అక్షరం పక్కన అంకె ఉన్నచోట్లన్నీ వెతకండి.
- విసర్గ బదులు కోలన్. 'దుఃఖం'లో ఇది తరచూ దొర్లుతుంది.
- అను నుంచి యూనికోడ్‌కు మార్చినప్పుడు పొల్లు పోయి ఒత్తు పడటం. 'సాఫ్ట్‌వేర్' 'సాఫ్ట్వేర్' అవుతుంది, 'ఫేస్‌బుక్' 'ఫేస్బుక్' అవుతుంది. పుస్తకంలోని ఇంగ్లిష్ మాటల జాబితా రాసుకుని ఒక్కొక్కటే చూడాలి.
- 'క్ష', 'ఱ', అరసున్న, నిలువు కొటేషన్ గుర్తులు. మార్పిడిలో ఎక్కువగా చెడేవి ఇవే.

ప్రెస్సుకు ఇచ్చే ఫైలు

ఫాంట్లు ఎంబెడ్ చేసిన (ఫైలులోనే కలిపిన) పీడీఎఫ్ ఇవ్వండి. కంపోజ్ చేసిన ఒరిజినల్ ఫైలు ఇచ్చి "మీరే పీడీఎఫ్ చేసుకోండి" అనకండి. అక్కడ మీ ఫాంటు పాత వెర్షన్ ఉన్నా వరుసలు జరిగిపోతాయి. లోపలి అక్షరాలు కేవలం నలుపు ప్లేటులోనే ఉండాలి. వర్డ్ నుంచి తీసిన పీడీఎఫ్‌లో నలుపు చాలాసార్లు నాలుగు రంగుల మిశ్రమంగా వస్తుంది. రంగు పేజీల్లో అలా వచ్చి, ప్లేట్లు వెంట్రుకవాసి జరిగితే సన్నని ఒత్తుల చుట్టూ రంగు నీడ పడుతుంది. ఆక్రోబాట్ ప్రోలో అవుట్‌పుట్ ప్రివ్యూ తెరిచి, నలుపు ప్లేటును ఆపేసి చూడండి. అక్షరాలు పూర్తిగా మాయమైతే సరిగ్గా ఉన్నట్టు.

ఫోటోలు అచ్చయ్యే సైజులో 300 డీపీఐ ఉండాలి. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది కుదించి పంపుతుంది. డాక్యుమెంటుగా పంపమని అడగండి. అంచుదాకా పోయే రంగు, బొమ్మ ఏదైనా కటింగ్ గీత దాటి 3 మిల్లీమీటర్లు బయటికి ఉండాలి. పేరు, ధర, బార్‌కోడ్ లాంటివి గీతకు కనీసం 5 మిల్లీమీటర్లు లోపల ఉండాలి.

కవర్

వెన్ను మందం తెలియకుండా కవర్ డిజైన్ పూర్తికాదు. 70 జీఎస్ఎం మ్యాప్‌లితో ఆకు మందం సుమారు 0.09 మిల్లీమీటర్లు. 80 ఆకులకు 7.2, కవర్ రెండు మందాలు కలిపి దాదాపు 8 మిల్లీమీటర్లు. ఇది అంచనా మాత్రమే. మిల్లును బట్టి ఒకే జీఎస్ఎం కాగితం పలచగానో బొద్దుగానో ఉంటుంది. అసలు వాడబోయే కాగితంతో 80 ఆకుల డమ్మీ (అచ్చు లేని నమూనా పుస్తకం) చేయించి స్కేలుతో కొలవండి. ఆ డమ్మీకి ఖర్చు లేదు, అడిగితే ఏ బైండరైనా చేసిస్తాడు. అది లేకపోతే వెన్ను మీది పేరు ముందు అట్ట మీదికి జారుతుంది. వెన్ను 6 మిల్లీమీటర్ల కంటే సన్నగా ఉంటే దాని మీద పేరు వేయకపోవడమే మంచిది. వెన్నుకు వేరే రంగు కూడా పెట్టొద్దు, ఒక మిల్లీమీటరు జరిగినా గీత కనబడుతుంది.

300 జీఎస్ఎం ఆర్ట్ కార్డ్, మ్యాట్ లామినేషన్ ఇప్పుడు మామూలైపోయింది. ముదురు నలుపు, నీలం మీద మ్యాట్ అయితే గోటి గీతలు, వేలిముద్రలు తెల్లగా కనిపిస్తాయి. అలాంటి కవర్లకు మెరిసే గ్లాసీ లామినేషన్ నిలుస్తుంది. లామినేషన్ ఒకవైపే ఉంటుంది కాబట్టి తేమ వాతావరణంలో అట్ట బయటికి వంగుతుంది. లామినేషన్ అయిన షీట్లను బరువు కింద ఒక రోజు ఉంచి బైండ్ చేస్తే ఈ వంపు చాలావరకు తగ్గుతుంది. వెన్ను మడత దగ్గర క్రీజింగ్ (మడత పడేచోట గాడి నొక్కడం) చేయించండి, లేకపోతే అట్ట పగులుతుంది.

ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) కావాలంటే కవర్ పూర్తయ్యేలోపే తీసుకోవాలి. మన దేశంలో ఇచ్చేది రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీ. ఆన్‌లైన్‌లో ఉచితం. ఎవరైనా దానికి డబ్బు అడిగితే అది వాళ్ల సర్వీసు చార్జీ. ప్రచురణకర్తగా ఎవరి పేరుతో నంబరు తీసుకుంటున్నారో కూడా అడిగి తెలుసుకోండి. బార్‌కోడ్ పూర్తి సైజు 37×26 మిల్లీమీటర్లు. దాన్ని 80 శాతం కంటే తగ్గించొద్దు. తెల్లటి నేపథ్యం మీద నల్లగానే వేయండి.

ఆఫ్‌సెట్టా, డిజిటలా

50, 100 కాపీలకు ప్లేట్లు లేకుండా ఫైలు నుంచి నేరుగా వేసే డిజిటల్. 500 దాటితే ప్లేట్లతో వేసే ఆఫ్‌సెట్. మధ్యలో ఉంటే రెండు కొటేషన్లూ తీసుకుని పోల్చండి. ఆఫ్‌సెట్‌లో ప్లేట్లు, మిషన్ సిద్ధం చేసే ఖర్చు 300 కాపీలకైనా 1,000కైనా ఒకటే. తర్వాత పెరిగేది కాగితం, బైండింగ్. అందుకే కాపీ ధర దిగినట్టు కనిపిస్తుంది. ఆ తగ్గిన ధర చూసి 1,000 వేయించి, 600 మంచం కింద పెట్టుకుంటే మిగిలేది ఏమీ లేదు. తొలి పుస్తకానికి 300 నుంచి 500 చాలు.

కొటేషన్ అడిగేటప్పుడు అందరికీ ఒకే వివరాలు రాసి ఇవ్వండి. సైజు, పేజీలు, కాగితం మిల్లు పేరు, జీఎస్ఎం, కవర్, లామినేషన్, బైండింగ్ రకం, కాపీలు, డెలివరీ తేదీ. జీఎస్టీ కలిపా, విడిగానా అన్నది స్పష్టంగా అడగండి. పుస్తకం అమ్మకం మీద జీఎస్టీ లేకపోయినా కాగితం, ప్రింటింగ్ బిల్లుల్లో అది ఉంటుంది. డీటీపీ చేసినవాళ్లు పని అయ్యాక ఒరిజినల్ ఫైలు, ఫాంట్లతో సహా ఇవ్వాలని ముందే మాట్లాడుకోండి. రెండో ముద్రణకు ఫైలు లేక మళ్లీ కంపోజ్ చేయించుకునేవాళ్లు ఎందరో.

తేదీల విషయంలో ఒక మాట. డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం. అందరూ వాటికే పుస్తకం కావాలంటారు. అదే సమయంలో ప్రెస్సులు క్యాలెండర్లు, డైరీలతో నిండి ఉంటాయి. ఆ ఒత్తిడిలో జిగురు ఆరకముందే కటింగ్‌కు వెళ్లిన పుస్తకాలు చేతికొస్తాయి. అక్టోబరు చివరికల్లా ఫైనల్ పీడీఎఫ్ ప్రెస్సులో ఉంటే నిశ్చింత.

మిషన్ మీద, బైండింగ్‌లో

వీలైతే మొదటి ఫారం ఎక్కే రోజు ప్రెస్సుకు వెళ్లండి. ఇంకు సరిపోయిందో లేదో నలుపు ముదురు చూసి కాదు, అక్షరాల్లోని చిన్న గుర్తులు చూసి తేల్చాలి. 'థ'కు 'ధ'కు తేడా లోపలి చుక్కే. ఇంకు తగ్గితే ఆ చుక్క ఎగిరిపోయి 'కథ' 'కధ' అవుతుంది. ఎక్కువైతే ఆ గుండ్రం మొత్తం పూడిపోతుంది. కథల పుస్తకంలో ప్రతి పేజీలోనూ వచ్చే మాట అది. 'ద' కింది ఒత్తు గీత, 'ప'ను 'ష' చేసే గీత కూడా అంతే. షీటు నాలుగు మూలల్లోనూ వీటిని భూతద్దంతో చూసి, బాగున్న షీటు మీద సంతకం పెట్టి ఇవ్వండి. మిగతా ఫారాలకు అదే కొలత.

మడిచిన ఫారాన్ని తీసుకుని పేజీ నంబర్లు వరుసగా తిప్పి చూడండి. ఫారాల మధ్య అతుకులు, అంటే 16–17, 32–33 దగ్గర పాఠం కలుస్తోందా చూడాలి. ప్రతి ఫారం వెన్ను మీద మెట్లు మెట్లుగా నల్ల గుర్తు వేయించండి. పది ఫారాలూ పేర్చాక ఆ గుర్తులు ఏటవాలుగా ఒకే గీతలా కనబడాలి. గీత తెగితే ఒక ఫారం తప్పిపోయినట్టు, రెండు గుర్తులు పక్కపక్కన ఉంటే అదే ఫారం రెండుసార్లు పడినట్టు.

160 పేజీలకు పర్ఫెక్ట్ బైండింగ్ సరిపోతుంది. 300 పేజీలు దాటినా, నిఘంటువులా రోజూ తెరిచేదైనా సెక్షన్ కుట్టు (ఫారాలను దారంతో కుట్టడం) వేయించండి. 64 పేజీల లోపు కవితా సంపుటికి సెంటర్ పిన్ (మధ్య మడతలో పిన్నులు కొట్టడం) చాలు. పర్ఫెక్ట్ బైండింగ్‌లో వెన్నును గరుకుగా కోసి వేడి జిగురు పట్టిస్తారు. కోత సరిగా పడకపోతే జిగురు పైపైనే ఉంటుంది. తయారైన పుస్తకాల్లో మూడింటిని మధ్యకు తెరిచి, ఒక ఆకును పట్టుకుని గట్టిగా లాగండి. ఆకు చిరగాలి తప్ప జిగురులోంచి జారి రాకూడదు. జారితే ఆ లాటు తీసుకోవద్దు.

చివరగా ఒక పుస్తకాన్ని వంటింటి కాటా మీద పెట్టండి. 70 జీఎస్ఎం లోపలి కాగితం, 300 జీఎస్ఎం అట్ట అయితే మన పుస్తకం 190 గ్రాములకు దగ్గరగా తూగాలి. 165 గ్రాములు చూపిస్తే లోపల వేసింది 60 జీఎస్ఎం. బిల్లు కట్టే ముందే ఆ సంగతి మాట్లాడండి.

ఇంటికి వచ్చాక

500 కాపీలు కలిపి 95 కిలోలు. 20 లేదా 25 చొప్పున క్రాఫ్ట్ పేపర్లో కట్టించి, చెక్క పలకల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టండి. నేల మీద నేరుగా పెడితే చెద, చెమ్మ రెండూ అడుగు కట్ట నుంచే మొదలవుతాయి. ప్రతి కట్టలోంచి ఒక పుస్తకం తీసి పేజీలన్నీ తిప్పి చూడండి. తెల్ల పేజీలు, తలకిందుల ఫారం ఉన్న కాపీలను ప్రెస్సువాళ్లు మార్చి ఇవ్వాలి. అది కొటేషన్ రోజే రాసుకోవాల్సిన షరతు.

1954 నాటి డెలివరీ ఆఫ్ బుక్స్ చట్టం ప్రకారం ప్రచురణకర్త తన ఖర్చుతో, పుస్తకం వెలువడిన 30 రోజుల్లో కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి పంపాలి. చెన్నైలోని కన్నెమరా గ్రంథాలయంతో పాటు ముంబై, ఢిల్లీల్లోని నిర్దేశిత గ్రంథాలయాలకు కూడా ఒక్కో ప్రతి వెళ్లాలి. ఈ నాలుగు కాపీలను మొదటి కట్ట విప్పిన రోజే పక్కన పెట్టి, కవర్లలో చిరునామా రాసి ఉంచండి.